370జెడ్ బదులు ఏ కారు? నడిపి చూసినవాటి సంగతి, మీ సలహా కావాలి

మూడోగేరు (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. నా 2013 నిస్సాన్ 370జెడ్ సంగతి ఇక్కడ పాతవాళ్లందరికీ తెలుసు. ఈ వేసవి మొదట్లో డాలస్ పక్కన పడ్డ వడగళ్లకి అది పోయింది. ఇన్సూరెన్స్ తరఫున వచ్చినతను ఒక్కో సొట్ట చుట్టూ చాక్‌పీసుతో సున్నా చుట్టుకుంటూ వెళ్లాడు. పైకప్పు నుంచి బానెట్ దగ్గరికి వచ్చేసరికి సున్నాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. టోటల్ లాస్ అన్నారు. ఇచ్చిన డబ్బు సబబుగానే ఉంది, దాని మీద గొడవేం లేదు.

ఇప్పుడు దాని స్థానంలో ఏది కొనాలి? మాన్యువల్ గేరు, వెనక చక్రాల డ్రైవ్ తప్పనిసరి. పన్నులు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 45 వేల డాలర్లు దాటకూడదు. పాతదైనా పర్లేదు. ఇంట్లో పెద్ద వ్యాన్ ఉంది కాబట్టి రెండు సీట్లు చాలు. నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఆఫీసుకి వెళ్తాను, ఆదివారం తెల్లవారుజామున ఊళ్ల మధ్య రోడ్లు పట్టుకుని తిరుగుతాను, వీలు చిక్కితే హిల్ కంట్రీలో ట్విస్టెడ్ సిస్టర్స్ (335, 336, 337 రోడ్లు) దాకా పోతాను. ఈసారి క్రెసన్ రేస్ ట్రాక్ మీద కూడా దిగాలని ఉంది. మా ఆవిడ కూడా క్లచ్ కారు బాగా నడుపుతుంది. ఏది కొన్నా ఆవిడకీ నచ్చాలి.

డీలర్లు మామూలుగా తీసుకెళ్లే దారిలో నాలుగు కుడి మలుపులు, ఒక సిగ్నల్, మళ్లీ షోరూమ్. దాంతో కారు గురించి ఏమీ తెలియదు. అందుకే నేనే ఒక దారి పెట్టుకున్నాను: అతుకులు పడ్డ కాంక్రీటు రోడ్డు, రైలు పట్టాలు, హైవే కింద యూటర్న్, ఆ తర్వాత మెలిక తిరిగిన ర్యాంప్. అన్ని కార్లనీ అదే దారిలో నడిపాను. ఒప్పుకోని చోట కారు ముట్టుకోలేదు.

నిస్సాన్ జెడ్ పర్ఫార్మెన్స్ (వాడినది). ముందు దీని దగ్గరికే వెళ్లాను. 3.0 లీటర్ల ట్విన్ టర్బో వీ6, 400 హార్స్‌పవర్. కూర్చోగానే చెయ్యి తనంతట తానే గేరు మీదికి పోయింది, అంత అలవాటైన చోటు. బలానికి వంక పెట్టలేం. కానీ తక్కువ ఆర్పీఎంలోనే అంత తోపు వచ్చేస్తే గేరు మార్చాల్సిన పనే లేదు. నా పాతదాన్ని 7,000 దాకా లాగితేనే పలికేది, నాకు అదే ఇష్టం. స్టీరింగ్‌లో కూడా పాత హైడ్రాలిక్ స్పర్శ లేదు.

టయోటా సుప్రా 3.0 మాన్యువల్. ఇంజిన్ అద్భుతం. పైకప్పు మరీ కిందికి ఉంది, పక్క చూపు తక్కువ, కిటికీ దించితే చెవుల్లో దబదబమని గాలి. ధర కూడా అందలేదు. వదిలేశాను.

ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. 5.0 లీటర్ల వీ8 శబ్దానికి మా ఆవిడ నవ్వేసింది. సీటు సుఖం, దూరప్రయాణానికి దీనంత బాగున్నది నేను నడిపినవాటిలో ఇంకోటి లేదు. కానీ ర్యాంప్ మీద నా పక్కన ఎంత చోటు మిగిలిందో అని ఆలోచిస్తూనే ఉన్నాను. వెడల్పు మనసులోంచి పోలేదు.

మాజ్డా మియాటా ఆర్ఎఫ్ క్లబ్ (మడుచుకునే గట్టి పైకప్పు ఉన్నది). గేరుకి ఇదే మొదటి స్థానం, ఇంక పోటీ లేదు. అగ్గిపెట్టె మూసినంత తేలిగ్గా, అంతే కచ్చితంగా పడుతుంది. స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే ముక్కు తిరుగుతుంది. బాధల్లా ఒకటే, తల పైకప్పుకి తగులుతోంది. హెల్మెట్ పెడితే కుదరదు. టోల్‌వే మీద 75లో పాటలు వినడం కూడా కష్టమే.

టయోటా జీఆర్86 ప్రీమియం (కొత్తది). 2.4 లీటర్లు, 228 హార్స్‌పవర్, బరువు సుమారు 2,800 పౌండ్లు. ఎదురుగా తక్కువ ఎత్తు డాష్‌బోర్డ్, దాని మీంచి రెండు ఫెండర్లూ కనిపిస్తాయి. కారు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో మొదటి మలుపులోనే తెలిసిపోయింది. ఇంజిన్ శబ్దం మాత్రం గరగర. సంగీతం లేదు.

2014 పోర్షే 981 కేమన్, బేస్ మోడల్ (వాడినది). 2.7 లీటర్ల ఫ్లాట్ సిక్స్, 275 హార్స్‌పవర్, మాన్యువల్. దీని గురించి ఎంత రాసినా తక్కువే. అతుకుల రోడ్డు మీద అన్ని కార్లూ ఎగిరాయి, ఇది మింగేసింది. వీపు వెనక ఇంజిన్, 5,000 దాటాక వచ్చే ఆ స్వరం... రైలు పట్టాలు దాటాక మళ్లీ వెనక్కి తిప్పి ఇంకోసారి దాటాను, ఊరికే. ధర మాత్రం నా బడ్జెట్ గోడకి ఆనుకుని ఉంది.

చివరికి రెండు మిగిలాయి: జీఆర్86, కేమన్. చెప్పండి.

---

ఫ్లాట్‌సిక్స్ (న్యూజెర్సీ)

తమ్ముడూ, నువ్వు రాసిన పేరాల పొడవు చూస్తేనే నీ మనసు ఎక్కడుందో తెలుస్తోంది. కేమన్ కొను.

నా దగ్గర 981 ఉంది కాబట్టి చెబుతున్నాను. టర్బో లేని ఆరు సిలిండర్ల ఇంజిన్, మధ్యలో పెట్టినది, చేత్తో గేరు వేసుకునేది: ఈ మూడూ కలిసి నీ బడ్జెట్‌లో దొరకడం ఇదే ఆఖరు. 981 తర్వాతి తరం 718, 2017 మోడల్‌గా వచ్చినప్పుడు మామూలు మోడళ్లకి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. ఆరు సిలిండర్లు మళ్లీ కావాలంటే జీటీఎస్ 4.0 దాకా పోవాలి, అది మనకి అందదు. పెట్రోలు 718 తయారీ కూడా 2025 అక్టోబరులో ఆగిపోయింది. జీఆర్86 ఇంకో రెండేళ్లకైనా దొరుకుతుంది. ఇలాంటి కేమన్ దొరకదు.

ఇంకో మాట. పాత కేమన్ల ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి ఒక షాఫ్ట్ బేరింగ్, అది పాడైతే ఇంజినే పోతుంది) కథలు చెప్పి నిన్ను భయపెట్టేవాళ్లు వస్తారు. ఆ గొడవ 2008 వరకూ వచ్చిన ఇంజిన్లది. 2009 నుంచి వచ్చిన ఇంజిన్‌లో అసలు ఆ బేరింగే లేదు. 981కి దానితో సంబంధం లేదు.

---

నిత్య_జీఆర్ (అట్లాంటా)

నేను జీఆర్86 తోలుతున్నా, ఆటోక్రాస్‌కీ (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య పోటీ) ట్రాక్‌కీ తీసుకెళ్తుంటా. మంచీ చెడూ రెండూ చెప్తాను.

మంచి: మొదటి తరం 86లో మధ్య ఆర్పీఎంలో బలం చచ్చిపోయేది. ఇందులో ఆ గుంట లేదు, 3,700 దగ్గరే పూర్తి టార్క్ వస్తుంది. ప్రీమియంకి పైలట్ స్పోర్ట్ 4 టైర్లు వస్తాయి, మొదటి ఏడాదికి అవి చాలు. టైర్ల సెట్ మార్చినా, బ్రేక్ ప్యాడ్లు మార్చినా ఇంటి బడ్జెట్ కదలదు. నాలుగు చక్రాలు విప్పి వెనక సీటు మడిచి లోపలే పెట్టుకుని ట్రాక్‌కి పోవచ్చు. కొత్తది కొన్నవాళ్లకి నాసా (అంటే రాకెట్ల నాసా కాదండీ, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్) ఏడాది సభ్యత్వం, ఒక ట్రాక్ డే ఉచితం.

చెడు: కాంక్రీటు రోడ్డు మీద టైర్ల హోరు ఎక్కువ, మీ డాలస్‌లో బాగా తెలుస్తుంది. లోపల ప్లాస్టిక్ సాదాసీదా. ఇంజిన్ శబ్దంలో కొంత స్పీకర్ల లోంచి వచ్చేదే. ఇక ఆయిల్ సంగతి. ట్రాక్ మీద పొడవైన కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ పడిపోవడం కొందరు యజమానులు డేటా పెట్టి చూపించారు. అంటుకుపోయే టైర్లు వేసి మలుపులో ఎక్కువ సేపు పడుకోబెట్టినప్పుడే ఇది పెద్ద సమస్య. రోడ్డు మీద తిరిగేవాళ్లకి, మామూలు టైర్లతో ట్రాక్ నేర్చుకునేవాళ్లకి నిద్ర పట్టనంత విషయం కాదు. కానీ తెలిసి కొనండి.

---

ఓరుగల్లు_వీల్స్ (హ్యూస్టన్)

అన్నా, అందరు మలుపులు మలుపులు అంటున్నరు గని, నువ్వుండేది డాలస్. ఇంట్ల నుంచి ఆఫీసుకు పోయే తొవ్వల ఎన్ని మలుపులున్నయో చెప్పు? మన దగ్గర తొవ్వ అంటే గీత గీసినట్టుంటది. ట్విస్టెడ్ సిస్టర్స్ దాక పోవాల్నంటే సగం రోజు హైవేనే. ఆ సగం రోజు సుఖంగ కూసొని పోయేది మస్టాంగ్ల.

నాకు జీటీ ఉన్నది. నాలుగు దిక్కుల మెకానిక్ దొరుకుతడు, ఏ పార్ట్ అయినా తెల్లారేసరికి వస్తది. వెనక సీట్ల పిల్లలను కూసోబెడ్తం, దగ్గరి దూరమైతే ఏం కాదు. 480 హార్స్‌పవర్, టర్బో లేదు, 7,000 దాటి తిరుగుతది. నీకు పైకి లాగుడే ఇష్టమంటివి కద? గది ఇందుల ఉన్నది.

వెడల్పు అంటవా, నెల రోజుల్ల అలవాటైతది. ఒక్క టెస్ట్ డ్రైవ్‌ల తెల్వది.

---

గోదారిగట్టు (ఆస్టిన్)

మియాటాని అంత తేలిగ్గా వదిలేశారేంటండీ! మీకంటే నేను ఒక్క అంగుళమే తక్కువ. ఆర్ఎఫ్ కాదండి, గుడ్డ టాప్ ఉన్నది చూడండి, తల దగ్గర కాస్త వెసులుబాటు ఉంటుంది. సీటు కవరు విప్పించి అడుగున ఫోమ్ కోయించేశాను, ఇప్పుడు హాయిగా ఉంది. 2019 నుంచి స్టీరింగ్ ముందుకీ వెనక్కీ కూడా జరుగుతుంది, మోకాళ్ల బాధ తగ్గింది. అదే ఏడాది ఇంజిన్ కూడా 181 హార్స్‌పవర్‌కి పెంచారు.

ఇక్కడ 2222 రోడ్డు మీద, లైమ్ క్రీక్ రోడ్డు మీద స్పీడ్ లిమిట్‌లో వెళ్తూనే ఇంత సంతోషం ఇచ్చే కారు వేరేది లేదండి. సాయంత్రం చల్లబడ్డాక టాప్ తీసి వెళ్తుంటే దేవదారు చెట్ల వాసన లోపలికి వస్తుంది. అది ఏ కేమన్‌కీ రాదు.

---

మూడోగేరు

@గోదారిగట్టు గారు, గుడ్డ టాప్ ఉన్నదాంట్లోనూ కూర్చుని చూశానండి. తల సరిపోయింది గానీ హెల్మెట్ పెట్టుకుంటే వెనక రోల్ హూప్ (కారు తిరగబడితే తలని కాపాడే కమ్మీ) కంటే నా తలే పైకి ఉంది. దాంతో ట్రాక్ మీద దిగనివ్వరు. ట్రాక్ మాట లేకపోతే మియాటా కొనేసేవాణ్నే, నిజం.

@ఓరుగల్లు_వీల్స్ అన్నా, మీరన్న హైవే మాట కరెక్టే. కానీ హైవేకి మా వ్యాన్ ఉంది. ఈ కారు మలుపు కోసమే.

---

పదోనంబరు_స్పానర్ (డెట్రాయిట్)

ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది, గేరింగ్. మూడోగేరు గారు 7,000 దాకా లాగడం ఇష్టమన్నారు కాబట్టి ఆయనకి ఇదే ముఖ్యమని నా ఉద్దేశం. గేరు నిష్పత్తి, ఫైనల్ డ్రైవ్, టైరు చుట్టుకొలత పెట్టుకుని లెక్క వేశాను, మీరూ వేసి చూసుకోండి.

జీఆర్86లో రెండో గేరు నిష్పత్తి 2.188, ఫైనల్ డ్రైవ్ 4.1. రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని ఆర్పీఎం) 7,500. రెండో గేరు అయిపోయేది గంటకి సుమారు 61 మైళ్ల దగ్గర. 981 బేస్ కేమన్‌లో రెండో గేరు 2.05, ఫైనల్ డ్రైవ్ 3.89, టైరు కూడా పెద్దది. 7,800 దాకా లాగితే రెండో గేరు ఒక్కటే దాదాపు 80కి పోతుంది.

దీని అర్థం ఏమిటంటే, 60 లిమిట్ ఉన్న మెలికల రోడ్డు మీద జీఆర్86లో మీరు రెండు, మూడు మధ్య చెయ్యి ఆడిస్తూనే ఉంటారు. ఇంజిన్‌ని పూర్తిగా వాడుకుంటారు. కేమన్‌లో అదే రోడ్డు మీద రెండో గేరే అయిపోదు. ఆ ఇంజిన్ పూర్తి పవర్ 7,400 దగ్గర ఇస్తుంది. చట్టం దాటకుండా మూడో గేరులో అక్కడికి చేరే రోడ్డు టెక్సస్‌లో లేదు.

కేమన్ చెడ్డదని అనడం లేదు. ఇది జర్మనీ ఆటోబాన్‌కి సరిపోయే గేరు.

---

ఫ్లాట్‌సిక్స్

@పదోనంబరు_స్పానర్ మీ లెక్క తప్పని అనను. 981 గేర్లు పొడవన్నది అందరూ ఒప్పుకునే మాటే. కానీ కారుని కాగితం మీద నడపం కదా సార్. 4,000కీ 6,000కీ మధ్య ఆ ఇంజిన్ స్వరం ఎక్కే తీరు చాలు, రెడ్‌లైన్ చూడకపోయినా లోటు అనిపించదు. స్టీరింగ్, బ్రేక్ పెడల్, ఆ కూర్చునే భంగిమ: ఇవి 30 మైళ్ల వేగంలోనూ తెలుస్తాయి. కూరగాయల కోసం బజారుకి వెళ్లొచ్చినా చాలు నాకు.

---

పదోనంబరు_స్పానర్

అది మీ కారు, మీ ఆనందం. ఆయన అడిగింది ఆయన కారు గురించి. పాత 370జెడ్‌లో రెండో గేరు 70 దగ్గర అయిపోయేది. అలవాటైన చెయ్యికి ఆ తేడా తెలియకుండా పోదు.

---

సైనిక్‌పురి (హైదరాబాద్)

మీ అందరి పోస్టులూ చదువుతుంటే ఆశగా ఉంది. ఇక్కడ మాకు మాన్యువల్ స్పోర్ట్స్ కారే కరువు. మియాటా, జీఆర్86 రెండూ ఇండియాలో అమ్మలేదు. 2016లో మస్టాంగ్ జీటీ వచ్చింది, 65 లక్షలు, అదీ ఆటోమేటిక్‌లోనే. 2025లో గోల్ఫ్ జీటీఐ తెచ్చారు, 53 లక్షలు పెట్టినా డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేరు) ఒక్కటే. తీసుకున్నాక ఓఆర్ఆర్ ఎక్కేలోపు కాలనీ స్పీడ్ బ్రేకర్లన్నీ ఏటవాలుగా దాటించుకోవాలి.

నా సలహా ఒకటి. రెండు కార్లనీ మధ్యాహ్నం ఎండలో ట్రాఫిక్‌లో నడిపి చూడండి. టెక్సస్ ఎండ గురించి మా కజిన్ చెబుతుంటాడు. ఏసీ ఎలా ఉంది, క్లచ్ బరువుకి ఎడమకాలు నొప్పి పుడుతోందా, సిగ్నల్ దగ్గర సీటులో నడుం ఎలా ఉంది, ఇవి పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద తెలియవు. కారుతో ఎక్కువ కాలం గడిపేది అక్కడే.

---

రీడింగ్_రావు (ఇంగ్లండ్)

జీఆర్86 ఎప్పుడైనా దొరుకుతుందన్న ఫ్లాట్‌సిక్స్ గారి మాటకి చిన్న సవరణ. ఇక్కడ 2022లో బుకింగ్ తెరిచిన గంటన్నరలో మా దేశం వాటా అంతా అయిపోయింది. 2024లో కొత్త యూరప్ భద్రతా నిబంధనల వల్ల అమ్మకమే ఆపేశారు. నేను దగ్గరుండి చూస్తుండగానే చేజారిపోయింది. అమెరికాలో కొత్తది వారంటీతో దొరుకుతోందంటే అది చిన్న విషయం కాదు. రెండూ అంతరించిపోయే జాతులే.

---

మూడోగేరు

అందరికీ థ్యాంక్స్. స్పానర్ గారి లెక్క చదివాక నిద్ర పట్టలేదు. నేనే మళ్లీ వేసి చూశాను, సరిపోయింది.

మళ్లీ రెండూ నడపడానికి ఏర్పాటు చేసుకున్నాను, ఈసారి ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి, సైనిక్‌పురి గారన్నట్టు ఎండలో. కేమన్ అమ్మే ఆయన చాలా మర్యాదస్తుడు, ఎంతసేపైనా నడపమన్నాడు. దానికి పీపీఐ (కొనేముందు మెకానిక్ చేసే తనిఖీ) కూడా చేయించాలనుకుంటున్నాను. ఏమేం చూడమనాలి?

---

ఫ్లాట్‌సిక్స్

మంచి పని. అమ్మేవాళ్లకి సంబంధం లేని షాపులో చేయించు. మొదట అడగాల్సింది ఓవర్‌రెవ్ రిపోర్ట్, అంటే ఇంజిన్ హద్దు దాటి ఎంత తిరిగిందో చెప్పేది. కంప్యూటర్‌లో ఆరు రేంజ్‌లు ఉంటాయి. 1, 2, 3లో అంకెలు ఉంటే భయం లేదు. 4 నుంచి 6 వరకూ ఏమైనా ఉంటే ఎప్పుడు జరిగిందో చూడాలి. యాక్సిలరేటర్ తొక్కితే లిమిటర్ అడ్డుకుంటుంది కాబట్టి ఆ పై రేంజ్‌లు పడేది ఒక్క రకంగానే: ఐదుకి బదులు మూడు వేసినట్టు, పొరపాటున కింది గేరు పడినప్పుడు.

ముందు బంపర్ రంధ్రాల్లో టార్చ్ వేసి చూడమను. ఎండుటాకులు రేడియేటర్, ఏసీ కండెన్సర్ల మధ్య పేరుకుని తడికి కుళ్లి, లోహాన్ని తినేస్తాయి. వాటర్ పంప్ దగ్గర కూలెంట్ ఎండిన మరకలు, గేర్‌బాక్స్ మౌంట్, బ్రేక్ డిస్క్ అంచులు, టైర్ల మీద తయారీ వారం. టైర్ల గాడి ఎంతున్నా ఆరేళ్లు దాటితే మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడుగు. రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన రసీదులు ఉన్నాయంటే, ఓనర్ బాగా చూసుకున్నాడని అర్థం.

---

నిత్య_జీఆర్

రెండో డ్రైవ్‌కి నాదో మాట. వేగంగా వద్దు. మామూలుగా మీరు రోజూ వెళ్లే వేగంలోనే వెళ్లండి. ఇంటికొచ్చాక ఇంకో రౌండ్ వెళ్లాలనిపిస్తోందా లేదా, అదొక్కటే చూసుకోండి.

---

ఓరుగల్లు_వీల్స్

మస్టాంగ్ ఇగ పక్కకు పోయిందన్నట్టే. సరే, నీ ఇష్టం అన్నా. పోనీ 2014 నుంచి 2019 దాక వచ్చిన షెవర్లే సీ7 కార్వెట్ ఒకసారి నడిపి చూడు. ఏడు గేర్ల మాన్యువల్, 455 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన సీ8ల క్లచ్ పెడలే లేదు. అందుకే ఆఖరి మాన్యువల్ కార్వెట్ కావాలంటే సీ7నే.

---

మూడోగేరు

అయిపోయింది. వివరంగా రాస్తాను, ముందు ముందు ఎవరికైనా పనికొస్తుంది.

మొదట సీ7. ఓరుగల్లు అన్న మాట కొట్టెయ్యలేక ఒకటి నడిపాను. బలం భయపెట్టేంత, ధరకి ఇంత కారు ఎవరూ ఇవ్వరు. మస్టాంగ్ దగ్గర వచ్చిన వెడల్పు సమస్యే మళ్లీ వచ్చింది.

కేమన్ పీపీఐ రిపోర్ట్ శుభ్రంగా వచ్చింది. ఓవర్‌రెవ్ మొదటి రెండు రేంజ్‌లలోనే ఉంది, పై నాలుగూ సున్నా. కూలెంట్ మరకలు లేవు. టైర్లు మాత్రం పాతవి, అమ్మే ఆయన ఆ ఖర్చు తగ్గిస్తానన్నాడు. కాబట్టి కారు బాగోలేదని వదిలేసే వీలు లేదు. రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే.

అదే రోజు మధ్యాహ్నం ముందు కేమన్ తీసుకున్నాం. ట్రాఫిక్‌లో సుఖమే, ఏసీ గట్టిది, క్లచ్ తేలిక. మా ఆవిడ నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. ఇది చాలా పెద్దమనిషి కారు అంది. ఊరు దాటాక రెండో గేరులో 45లో మలుపు తిప్పాను. అంత నిబ్బరంగా తిరిగింది. బయటికి వస్తూ తొక్కాను, స్వరం లేచింది, స్పీడోమీటర్ చూశాను, 65. వదిలేశాను. మళ్లీ మలుపు, మళ్లీ అంతే. స్వరం సరిగ్గా విచ్చుకునే చోటికి వచ్చేసరికి ప్రతిసారీ నేను కాలు తీసేస్తున్నాను. కారు ఇంకా ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, తీసుకోవడానికి నాకు రోడ్డు లేదు.

తర్వాత జీఆర్86లో అదే రోడ్డు. రైలు పట్టాల మీద కేమన్ ముందు ఇది చాలా మొరటు. టైర్ల హోరు నిత్య గారు చెప్పినట్టే ఉంది. కానీ అదే మలుపులోకి బ్రేక్ వేసి మూడు నుంచి రెండుకి దించితే సూది 6,000కి లేచింది, తిప్పాను, ముందు టైర్ల మీద బరువు పడటం నడుముకి తెలిసింది. బయటికి వచ్చేటప్పుడు తొక్కితే వెనక భాగం కొంచెం కూర్చుని నెట్టింది. 7,000 దాటాక మూడు వేశాను. స్పీడోమీటర్ 60 దగ్గర ఉంది. మొత్తం ఇంజిన్ వాడుకున్నాను, చట్టం లోపలే ఉన్నాను. ఆ రోడ్డు చివర వెనక్కి తిరిగి మళ్లీ వెళ్లాం. ఆ తర్వాత మా ఆవిడ తాళం తీసుకుని తనూ వెళ్లింది. తిరిగొచ్చాక 'కేమన్ సుఖంగా ఉంది, కానీ నువ్వు మాట్లాడింది ఈ కారులోనే' అంది. నిజమే, కేమన్‌లో నేను శబ్దం వింటూ కూర్చున్నాను. ఇందులో దారంతా మలుపుల గురించి మాట్లాడుతూనే ఉన్నాను.

జీఆర్86 కొన్నాం. మొదట చూసిన డీలర్ స్టిక్కర్ ధర మీద 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని అదనంగా కలిపాడు. వేరే ఊరి డీలర్ దగ్గర అసలు ధరకే దొరికింది. నీలం రంగు, ప్రీమియం, మాన్యువల్. 6.25 శాతం సేల్స్ టాక్స్, రిజిస్ట్రేషన్ పోగా బడ్జెట్‌లో ఇంకా బాగానే మిగిలింది. అది టైర్లకీ ట్రాక్‌కీ.

ఫ్లాట్‌సిక్స్ అన్నా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, 981 నేను నడిపిన వాటిలో అన్నిటికంటే గొప్ప కారు. కొండదారులు పక్కనే ఉన్న ఊళ్లో ఉంటే, పెద్ద ట్రాక్ దగ్గర్లో ఉంటే వేరేలా ఆలోచించేవాణ్ని. ఆ స్వరం లోటు నాకు ఉంటుంది, లేదనను.

---

ఫ్లాట్‌సిక్స్

కారణం చెప్పి మరీ కొన్నావు, అది చాలు తమ్ముడూ. శుభాకాంక్షలు. ఆ కేమన్ ఇంకా ఉందా? డాలస్‌లో మా బావమరిది అచ్చం అలాంటిదే వెతుకుతున్నాడు. వాడికి ట్రాక్ గొడవ లేదు, ఆస్టిన్‌కి దూరప్రయాణాలే ఎక్కువ. రిపోర్ట్ కూడా ఉంటే పంపు.

---

మూడోగేరు

ఉందన్నా, పొద్దున్నే ఆయనతో మాట్లాడాను. రిపోర్ట్, ఆయన నంబరు మీకు ప్రైవేట్‌గా పంపిస్తున్నాను. వాడిన ఇంకో కారు కంటే ఇది నయం, సందేహం పెట్టుకోవద్దని చెప్పండి.

@నిత్య_జీఆర్ గారు, క్రెసన్‌కి వెళ్లే ముందు ఏమేం చెయ్యాలి?

---

నిత్య_జీఆర్

అభినందనలండీ! మొదటి 1,000 మైళ్లు 4,000 ఆర్పీఎం దాటించకండి, మాన్యువల్‌లో అదే రాసి ఉంటుంది. అది పూర్తయ్యాక ఆయిల్ మార్పించండి, పుస్తకం అప్పుడే మార్చాలని చెప్పకపోయినా నేను మార్పించాను. పెట్రోలు ప్రీమియమే, మీ దగ్గర 93 దొరుకుతుంది.

ట్రాక్‌కి ముందు బ్రేక్ ఫ్లూయిడ్ ఎక్కువ వేడికి తట్టుకునే డాట్ 4 వేయించండి, ఇది తప్పనిసరి. డాలస్ ఎండలో పాత ఫ్లూయిడ్ మరిగితే పెడల్ నేలకి దిగిపోతుంది. నేర్చుకునే గ్రూపులో మొదటి రోజుకి కంపెనీ ప్యాడ్లు సరిపోతాయి. వాసన వస్తే ఒక రౌండ్ నెమ్మదిగా తిరిగి బయటికి రండి, ఆగాక హ్యాండ్ బ్రేక్ వెయ్యకండి, గేరులో పెట్టండి. ఆయిల్ లెవెల్ ప్రతి సెషన్‌కీ చూసుకోండి, డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉంచండి. టైర్లు అవే ఉంచండి, జారడం ఎలా మొదలవుతుందో అవే నేర్పుతాయి.

నాసా ఉచిత ట్రాక్ డేకి గడువు ఉంటుంది, సభ్యత్వం కాగితాలు వారంలోపే ఆన్‌లైన్‌లో నింపేయండి.

---

గోదారిగట్టు

రన్-ఇన్ మైళ్లు అయ్యాక ఆస్టిన్ వైపు రండి. మేం కొందరం నెలకో ఆదివారం పొద్దున్నే లీకీ (ట్విస్టెడ్ సిస్టర్స్ దారిలోని ఊరు) దాకా వెళ్తుంటాం, 337 మీద మెడీనా వైపు తిరిగి వస్తాం. 4,000 లోపు నడపాల్సినప్పుడు వస్తే ఆ రోడ్డు మీద మీకే బాధ.